పేరు దొంగలు

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు పడమటగా సాగు వీధికి లాడ్ బజారని పేరు. చార్మినారు 1591వ సంవత్సరమున నిర్మింపబడినది. దాని చెంతనున్న ఈ బజారు లక్కగాజులకు ప్రసిద్ధి కెక్కినది. లక్కను నిప్పుసెగపై మెత్తపరచి, వలయముగా చుట్టి, అది గట్టిపడక మునుపే చిన్న చిన్న రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుదురు. చుట్టుపక్కల ఇండ్లలో ఎందరో స్త్రీలు ఈ పనితో జీవనము సాగించుచున్నారు. 2024వ సంవత్సరమున హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. మరియొక చోట తయారైన సరకును ఈ పేరు పెట్టి అమ్ముట చట్టవిరుద్ధమని దాని అర్థము. అనగా గాజులకే కాక గాజుల పేరునకు కూడ కాపలా ఏర్పడినది.

వస్తువు పేరునకే ఇంత విలువ ఉన్నప్పుడు మనుష్యుని పేరు మాట చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు పెట్టిన పిలుపు మాత్రమే పేరు కాదు. బ్యాంకువారు మనుష్యుని ఖాతా సంఖ్యతో గుర్తింతురు. చౌకధరల దుకాణమువారు వేలిముద్రతో గుర్తింతురు. పాఠశాలవారు జనన తేదీతోను, ఛాయాచిత్రముతోను గుర్తింతురు. సెల్‌ఫోను సంస్థవారికి ఆతని ఫోను సంఖ్యయే ఆతని పేరు. వీటిని అపహరించి, మరియొకడు తానే ఆ మనుష్యుడనని నమ్మించి, సొమ్ము తీసికొనుట, అప్పు చేయుట, సిమ్ కార్డు కొనుట మొదలగు పనులను గుర్తింపు చౌర్యమని అందురు. జేబుదొంగ జేబులో ఉన్నదానిని మాత్రమే తీసికొనిపోవును. పేరు దొంగ యజమానుడు ఎన్నడును చేయని అప్పును, ఎన్నడును చేయని నేరమును ఆతని నెత్తిన వేసి పోవును.

ఈ చౌర్యము క్రొత్తది కాదు. పూర్వము లక్క గాజులకే కాక ముద్రలకు కూడ ఉపయోగపడెడిది. ఉత్తరమును మడచి, దారము చుట్టి, ముడిపై కరగిన లక్కను వేసి, దానిపై ముద్రికను అదుమువారు. తపాలా కార్యాలయములలో విలువైన పొట్లములకు లక్కముద్రలు వేయుట పెద్దలు ఎరిగినదే. ముద్ర ఎవరిదో మాట వారిదని లోకము నమ్మెడిది. కావుననే పాలకులు తమ ముద్రికలను ధనాగారము కంటె జాగ్రత్తగా కాపాడుకొనెడివారు.

ముద్రిక పరుల చేతిలో పడిన ఏమగునో విశాఖదత్తుడు తన ముద్రారాక్షసమను సంస్కృత నాటకమున చూపినాడు. నందుల మంత్రియైన రాక్షసుని ఉంగరము చాణక్యుని గూఢచారికి దొరకినది. చాణక్యుడు ఒక కూటలేఖను సిద్ధపరచి, దానిపై ఆ ఉంగరముతో ముద్ర వేయించెను. ఆ లేఖను చూచిన మలయకేతువు, తనకు అండగా నిలిచిన రాక్షసుని ద్రోహి యని తలచి దూరము చేసికొనెను. ఆ లేఖ రాక్షసుడు వ్రాసినది కాదు. అయినను ముద్ర ఆతనిదే గనుక ఆతని మాట చెల్లలేదు. నేడు పేరు పోగొట్టుకొన్న వారి అవస్థయు ఇట్టిదే. చేయని పనిని తాము చేయలేదని వారే నిరూపించుకొనవలసి వచ్చుచున్నది.

ముద్రికను దొంగిలింపవచ్చును. చేవ్రాలును అనుకరింపవచ్చును. వేలిముద్రను మాత్రము ఎవరును అపహరింపలేరని జనులు చాలకాలము విశ్వసించిరి. 1858వ సంవత్సరమున బెంగాలులో విలియం హెర్షెల్ అను ఆంగ్లేయోద్యోగి ఒక గుత్తేదారుచేత ఒడంబడికపై అరచేతి గుర్తు వేయించెను. తరువాత తన మాట తాను కాదనకుండుటకే ఈ ఏర్పాటు. 1897వ సంవత్సరమున కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము స్థాపింపబడినది. వేలిముద్రలను తరగతులుగా విభజించు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను భారతీయులు ప్రధానముగా కృషి చేసిరి. నాటినుండి న్యాయస్థానములలోను, రిజిస్ట్రేషను కార్యాలయములలోను వేలిముద్రకు గౌరవము పెరిగినది.

భారత ప్రభుత్వము ఈ నమ్మకముపైననే ఆధారు పద్ధతిని నిర్మించినది. ఇందుకొరకు 2009వ సంవత్సరమున ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడినది. 2010 సెప్టెంబరు 29వ తేదీన మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామమున మొదటి ఆధారు సంఖ్యను ఇచ్చిరి. సంఖ్యకు పండ్రెండు అంకెలు. దాని వెనుక పది వ్రేళ్ల ముద్రలు, రెండు కనుపాపల గుర్తులు, ముఖచిత్రము నిక్షిప్తమై యుండును. దీనివలన కలిగిన మేలును తక్కువగా చూడరాదు. ఇల్లు, పొలము, పత్రము ఏదియు లేని కూలివాడు కూడ తాను ఫలానావాడనని చూపుకొనగలుగుచున్నాడు. వృద్ధులకు పింఛను, విద్యార్థులకు ఉపకారవేతనము నేరుగా ఖాతాలలో చేరుచున్నవి. అయితే అనేక తాళములకు ఒకే తాళపుచెవి ఏర్పడినప్పుడు ఆ తాళపుచెవిని కాపాడుకొను బాధ్యతయు పెరుగును.

ఆ బాధ్యత ఎంతటిదో తెలంగాణలోనే ఒక సంఘటన తెలిపినది. పెద్దపల్లి జిల్లా ధర్మారమున సిమ్ కార్డులు అమ్ము ఒక వ్యక్తిని 2018వ సంవత్సరమున పోలీసులు పట్టుకొనిరి. భూముల క్రయవిక్రయ పత్రములు ఆ రోజులలో ప్రభుత్వ వెబ్‌సైటున అందరికిని కనిపించుచుండెడివి. వాటిపై అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలు, ఆధారు సంఖ్యలు ఉండెడివి. ఆతడు ఆ పత్రములను దింపుకొని, రబ్బరు ముద్రలు చేయు పద్ధతిలో వారి వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, వారి పేర వేలకొలది సిమ్ కార్డులను పని చేయించెనని పోలీసులు ప్రకటించిరి. తన అమ్మకములను ఎక్కువగా చూపుకొనుటయే ఆతని ఉద్దేశమట. ఆ ముద్రల యజమానులు తమ పొలము కాగితముపై వ్రేలు ఉంచినవారు మాత్రమే. వారు ఎవరికిని ఏ రహస్యమును చెప్పలేదు. తమ పేర సిమ్ కార్డులు తిరుగుచున్నవని వారికి తెలియనే తెలియదు.

ముద్రిక పోయినచో కంసాలిచేత మరియొకటి చేయించుకొనవచ్చును. రహస్య సంకేతము బయటపడినచో మార్చుకొనవచ్చును. బొటనవ్రేలి గీతలను మార్చుకొనుట ఎవరి తరమును కాదు. అందుచేత వేలిముద్రను మూసియుంచు ఏర్పాటు అవసరమైనది. ఆధారు సంస్థ యాప్‌లో గాని వెబ్‌సైటులో గాని ఎవరి వేలిముద్రలకు వారు తాళము వేసికొనవచ్చును. అవసరమైనప్పుడు తెరచి, పని ముగిసిన పిమ్మట మరల మూయవచ్చును. బ్యాంకు ప్రతినిధియొద్ద ఉండు చిన్న యంత్రముతో సొమ్ము తీసికొను పద్ధతి ఒకటి కలదు. అందుకు ఆధారు సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉన్న చాలును. పిన్ గాని ఓటీపీ గాని అక్కరలేదు. వేలిముద్రల నకళ్లతో ఈ మార్గమున సొమ్ము కాజేసిన ముఠాలు తెలుగు రాష్ట్రములలో తరువాత పట్టుబడినవి. తాళము వేసిన వేలిముద్రకు దొంగ ఎంత చక్కని నకలు చేసినను ఆ యంత్రము దానిని అంగీకరింపదు.

ఇక ప్రతిదినమును పాతబస్తీ వీధులలో పేరు ఏ దారిన జారిపోవునో పరిశీలింపవలెను. గాజులకు రాళ్లు అద్ది జీవించు ఒక ఇల్లాలు తన కుమారుని ఉపకారవేతనమునకు దరఖాస్తు చేయదలచినదని భావింపవచ్చును. ఆమె జిరాక్సు దుకాణమునకు పోయి ఆధారు కార్డును, బ్యాంకు పుస్తకమును ఇచ్చును. మొదటి ప్రతి మసకగా వచ్చును. దుకాణదారు దానిని ప్రక్కనున్న బుట్టలో వేసి మరియొకటి తీయును. కార్డు చిత్రమును వాట్సాపులో పంపుమని ఆతడు కోరును, ఆమె పంపును. ఆ చిత్రము దుకాణపు కంప్యూటరులో ఉండిపోవును. తిరిగివచ్చు దారిలో గొడుగు క్రింద సిమ్ కార్డులు అమ్మువాడు, "అమ్మా, వేలిముద్ర సరిగా పడలేదు, మరియొకసారి పెట్టండి" అని కోరును. ఆమె పెట్టును. ఆ రెండవ ముద్రతో మరియొక సిమ్ కార్డు పుట్టినదేమో ఆమె ఎరుగదు. వీరిలో అందరును మోసగాండ్రని కాదు. దుకాణదారులలో అధికసంఖ్యాకులు కష్టపడి బ్రదుకువారే. కాని బుట్టలోని కాగితమును సాయంకాలము ఎవరు ఏరుకొనిపోవుదురో ఆ దుకాణదారునకును తెలియదు.

ఇందుకు ఉపాయములు కష్టమైనవి కావు. చెడిపోయిన ప్రతిని అడిగి తీసికొని చింపివేయవలెను. పంపిన చిత్రమును తన ఎదుటనే తుడిపివేయుమని మర్యాదగా కోరవలెను. "ఉపకారవేతనము కొరకు మాత్రమే" అని ప్రతిపై అడ్డముగా వ్రాసి, తేదీ వేసి సంతకము చేయవలెను. అట్టి ప్రతి మరియొక పనికి సులభముగా చెల్లదు. సంఖ్య యంతయు అవసరము లేనిచోట, మొదటి ఎనిమిది అంకెలు కప్పబడి చివరి నాలుగు మాత్రమే కనిపించు మాస్క్‌డ్ ఆధారును ఈయవలెను. ఆధారు సంస్థ వెబ్‌సైటులో అది ఉచితముగా లభించును. వేలిముద్ర రెండవసారి అడిగినచో, మొదటిది ఏల చెల్లలేదో యంత్రముపై చూపుమని అడుగుట తప్పు కాదు. తన పేర ఎన్ని సిమ్ కార్డులున్నవో తెలిసికొనుటకు టెలికాం శాఖవారు 2023వ సంవత్సరమున ప్రారంభించిన సంచార్ సాథీ వెబ్‌సైటు ఉపయోగపడును. తనది కాని సంఖ్య కనిపించినచో అక్కడనే ఫిర్యాదు చేయవచ్చును.

వీధిలో జారిన పేరు ఫోనులో మరల వినిపించును. 2023వ సంవత్సరమున సైబరాబాదు పోలీసులు ఒక వ్యక్తిని పట్టుకొని, ఆతనియొద్ద సుమారు 66.9 కోట్ల మంది వ్యక్తులకును సంస్థలకును చెందిన వివరములు ఉన్నవని ప్రకటించిరి. వాటిని ఆతడు అమ్మకమునకు పెట్టినాడట. దీనినుండి నేర్వదగిన నీతి ఒకటి కలదు. ఫోను చేసినవాడు ఒకని పేరు, చిరునామా, బ్యాంకు పేరు తప్పులేకుండ చెప్పినంత మాత్రమున వాడు బ్యాంకువాడు కాజాలడు. ఆ వివరములు బజారులో దొరకునవే. వాడు సంపాదించుకొనలేనిది ఒక్కటే: ఆ క్షణమున ఫోనునకు వచ్చు ఓటీపీ. అందుకొరకే వాడు అంత తీయగా మాటలాడును, లేదా అంత కఠినముగా బెదరించును.

ఈ బెదరింపులలో ఒక రకము ఇటీవలి సంవత్సరములలో మిక్కిలి వ్యాపించినది. "నీ ఆధారుతో ఎవరో సిమ్ కొని నేరము చేసిరి. నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి. కెమెరా ఎదుటనుండి కదలవద్దు" అని పోలీసు దుస్తులు ధరించిన ఒకడు ఫోను తెరపై కనిపించును. చదువుకొన్నవారు కూడ భయపడి తమ సొమ్మంతయు పంపివేసిన ఉదాహరణలు కలవు. ఫోనులో అరెస్టు చేయుట భారతదేశ చట్టములలో ఎచ్చటను లేదు. విచారణ కొరకు సొమ్ము పంపుమని ఏ పోలీసు అధికారియు, ఏ న్యాయమూర్తియు కోరరు. అట్టి ఫోను వచ్చినప్పుడు దానిని నిలిపివేసి, ఇంటివారితో మాటలాడుటయే సరియైన పని.

మరికొన్ని నియమములును గుర్తుంచుకొనదగినవి. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు; పంపుటకు మాత్రమే కావలెను. కావున "సొమ్ము వేయుచున్నాము, పిన్ కొట్టుము" అనువాడు దొంగయే. తెలియనివారు పంపిన లంకెలను తెరువరాదు. యాప్‌లను ఫోనులో చేర్చుకొనరాదు. ఒకే రహస్య సంకేతమును అన్ని ఖాతాలకును వాడరాదు. ఫోనునకు సంకేతములు అకస్మాత్తుగా ఆగిపోయి చాలసేపు తిరిగి రానిచో, మరియొకడు అదే సంఖ్యకు క్రొత్త సిమ్ కార్డు తీసికొనియుండవచ్చును. అప్పుడు ఓటీపీలన్నియు వానికే పోవును. వెంటనే వేరొక ఫోనునుండి సిమ్ సంస్థకును, బ్యాంకునకును తెలుపవలెను. హాలు టికెట్టు, గుర్తింపు కార్డు, జనన తేదీ కనిపించు చిత్రములను అందరును చూచునట్లు ప్రకటించుట విద్యార్థులకు తగదు.

పేరు పోవుటకు వేరొక దారి కూడ కలదు. అది మరింత ప్రమాదకరమైనది. ఏలయన అందులో దొంగకు తలుపు తెరచునది యజమానుడే. కొందరు యువకులను చేరదీసి, "నీ పేర ఒక బ్యాంకు ఖాతా తెరచి, పుస్తకమును, కార్డును, సిమ్‌ను మాకిమ్ము. నెలకు కొన్ని వేలు ఇత్తుము. నీవు చేయవలసిన పని ఏదియు లేదు" అని ఆశ చూపుదురు. కళాశాల రుసుము కట్టలేని విద్యార్థికి, పని దొరకని యువకునికి ఆ మాట వరముగా తోచును. ఎచ్చటనో ఒక వృద్ధురాలియొద్ద దోచిన సొమ్ము ఆ ఖాతాలోనికి వచ్చి, నిమిషములలో మరియొక చోటికి పోవును. పోలీసులు ఆ సొమ్ము వెంట నడచి మొదట చేరునది ఈ యువకుని ఇంటికే. నాకేమియు తెలియదని వాడు మొత్తుకొన్నను, ఖాతా వానిదే, చేవ్రాలు వానిదే. రాక్షసుని ఉంగరము జారి పరుల చేతిలో పడినది. వీడు తన ఉంగరమును తానే అద్దెకిచ్చినాడు. చదువు, ఉద్యోగము, పాసుపోర్టు అన్నియు ఆ కొన్ని వేల క్రింద నలిగిపోవును.

ఇంత జాగ్రత్త వహించినను మోసము జరుగవచ్చును. అప్పుడు చేయవలసినది ఆలసింపకుండ 1930 అను సంఖ్యకు ఫోను చేయుట. దేశమంతటను ఈ సంఖ్య సైబరు నేరముల ఫిర్యాదులకు ఏర్పడినది. దొంగిలించిన సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పారుచుండును; ఫిర్యాదు త్వరగా అందినచో దానిని నడుమనే నిలుపుటకు వీలు కలుగును. మరునాడు చూతమని ఊరకుండుట దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లగును. బ్యాంకునకు కూడ వెంటనే తెలిపి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసి ఉంచుకొనవలెను. సమాచార సాంకేతిక చట్టములోని 66సి విభాగము ఇతరుల చేవ్రాలును, రహస్య సంకేతమును, గుర్తింపును మోసముతో వాడుట నేరమని చెప్పుచున్నది. ఈ నేరమునకు మూడేండ్ల వరకు చెరసాల, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. వ్యక్తి గోప్యత రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మిదిమంది న్యాయమూర్తులతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. కావున "ఈ వివరము మీకు ఎందులకు?" అని అడుగుట మొండితనము కాదు, అది పౌరుని హక్కు.

మోసపోయినవారు తరచుగా ఫిర్యాదు చేయరు. నలుగురిలో నవ్వులపాలగుదుమని వారి భయము. కొడుకు కోపగించునని తల్లియు, తండ్రి కొట్టునని కొడుకును దాచుదురు. ఈ సిగ్గు దొంగకు గొప్ప సహాయము. ఒక ఇంట మౌనముగా ఉన్నంతసేపు వాడు మరి పది ఇండ్ల తలుపు తట్టును. మోసపోవుట అవమానము కాదని ఇంటిలో పెద్దలు ముందే చెప్పియుండుట మేలు.

పాతబస్తీలోని అనేక కుటుంబములలో ఫోనునకు వచ్చు సందేశములను చదివి చెప్పువారు బడికి పోవు పిల్లలే. అమ్మమ్మ పింఛను వచ్చినదో లేదో, తండ్రి ఖాతాలో కూలి పడినదో లేదో చూచువారు వారే. ఓటీపీ అనగా ఏమో, దానిని ఎవరికి చెప్పరాదో ఆ పెద్దలకు మొదట తెలుపగలిగినవారును వారే. ఎనిమిదవ తరగతి చదువు విద్యార్థి ఈ సాయంకాలమే ఇంటివారి వేలిముద్రలకు తాళము వేయుటకు తోడ్పడవచ్చును, వారి పేర ఉన్న సిమ్ కార్డులను లెక్కింపవచ్చును, 1930 సంఖ్యను గోడపై అందరికిని కనిపించునట్లు వ్రాయవచ్చును. ఇందుకు ఒక గంట కాలము చాలును. అమ్మమ్మ ఏడాది పింఛను దొంగల పాలు కాకుండ నిలుచును.